కూర్చోబెట్టినవాళ్లు

నారాయణఖేడ్,
11 జనవరి 2025

ప్రభులింగూ,

1988 ఫిబ్రవరిలో ఒక మంగళవారం గురించి నువ్వు నాకు మాట ఇచ్చావు. మాట తప్పినవాడికి తారీఖులు గుర్తుండవు. తప్పించుకోలేనివాడికి ఉంటాయి. పొద్దున పదింటికి సర్వేయరు గొలుసు పట్టుకొని మన రుద్రభూమి గుట్ట మీదికి వస్తాడని, పంచాయతీ మెంబరుగా నువ్వు హద్దుల దగ్గర నిలబడి పంచనామా మీద సంతకం పెట్టాలని అడిగాను. "ఎట్ల రానన్నా, మన అవ్వ గాడనే కూసొని ఉండె గద" అన్నావు. సర్వేయరు మధ్యాహ్నం దాకా చూశాడు, నేను కట్టుకొచ్చిన జొన్నరొట్టె తిన్నాడు, గొలుసు చుట్టుకొని వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు. నేను చెక్కించి తెచ్చిన పదహారు హద్దురాళ్లు నేను పనిచేసిన లైబ్రరీ వెనక ఏళ్లకేళ్లు పడి ఉండి, చివరికి ఎవరి పశువుల కొట్టంలోకో పోయాయి.

ముప్పై ఏడేళ్లుగా నీతో ఈ సంగతి ఎత్తలేదు. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఇప్పుడు ఎత్తక తప్పదు.

మొన్న గ్రేసమ్మ వచ్చింది. దవాఖానలో ఆయాగా చేసిన గ్రేసమ్మే. గుట్టకు పడమటి పక్క వాడలో ఉంటుంది, నాలుగు మేకలు కాస్తుంది. చేతిరుమాలు విప్పి నా ముందు పెట్టింది.

"సారూ, గిది మీ మెడల దేవుడు గాదుల్లా? కొత్త రోడ్డు మీద పడి ఉండె. మ్యాక నోట్ల వెట్టుకుంటుంటె గుంజిన."

ఇష్టలింగం. నల్లగా, రేగుపండంత. రోడ్డు మీద లింగం ఎందుకుంటుంది? లేచి గుట్టకు వెళ్లాను. తూర్పు వాలు లేదు, ప్రభులింగూ. చెంచాతో తీసినట్టు తీసేశారు. గుట్టలోని మొరం మట్టి అంతా కొత్త రోడ్డుకు పోయింది.

నువ్వు బీదర్ చేరి ఇరవై ఏళ్లయింది, మరిచిపోయావేమో. మనవాళ్లను మనం కాల్చం, కూర్చోబెడతాం. పద్మాసనం వేయించి, బతికినన్నాళ్లు మెడలో ఉన్న లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టి, విభూతి పోసి మట్టి కప్పుతాం. అలా కూర్చున్నవాళ్లను జేసీబీ లేపింది. మనల్ని కన్న అవ్వ ఉన్నది తూర్పు వాలులోనే. నా శరణమ్మ ఉన్నదీ అక్కడే.

ఆమె బతికి ఉన్నప్పుడు ప్రతి సోమవారం గుట్టకు వెళ్లేది. అవ్వ సమాధికి విభూతి పెట్టడానికని చెప్పేది. చీర కుచ్చిళ్ల నిండా ఉత్తరేణి గింజలు అంటించుకొని వచ్చేది. నేను కూర్చుని ఒక్కొక్కటే ఏరుతూ తిట్టేవాణ్ని. ఇప్పుడు మూడు కిలోమీటర్ల రోడ్డులో ఆమె ఏ మలుపు దగ్గర ఉందో తెలియదు. మొరం పరిచి రోలరు తిప్పారు. మార్చిలో తారు పోస్తారట. తారు పడేలోగా ఆమెను వెతికి తీయాలి. ఈ పని చేసినవాణ్ని రోడ్డు మీద నిలబెట్టాలి.

1988 కాగితాలు నీ దగ్గర ఏమున్నా పంపు. ఎందుకు రాలేదో కూడా రాయి. ఫోను చేయకు, నా చెవులు దాదాపు పోయాయి, దగ్గరికి వచ్చి అరిస్తేనే వినబడుతుంది.

అన్న అని రాయాలి కాబట్టి,
అమృతప్ప


బీదర్,
20 జనవరి 2025

అన్నకు ప్రభులింగ్ శరణు శరణార్థి.

ఉత్తరం ఇస్తూ పోస్ట్‌మ్యాన్ నన్ను వింత జంతువును చూసినట్టు చూశాడు. ఈ వీధిలో బ్యాంకు నోటీసులు తప్ప ఇంకేవీ రావట. రెండుసార్లు చదివాను. రెండోసారి అక్షత నా చేతిలోంచి లాక్కుంది, "నాన్నా, మాత్ర వేసుకో" అని.

1988లో రాకపోవడం నా తప్పే. నువ్వు ఏం తిట్టినా పడతాను. కారణం మాత్రం అడగకు.

కాగితాల్లో నువ్వు గీసిన పటం, దరఖాస్తు కాపీ దొరికాయి. నీ అక్షరాలు అప్పుడు ఎంత గుండ్రంగా ఉండేవి! అవి నా దగ్గరే ఉండనీ.

అన్నా, రోడ్డు కాంట్రాక్టు మహిపాల్‌దని ఇక్కడి దాకా తెలుసు. అతను పిలిస్తే ఇంజినీరు భోజనం మధ్యలో లేచి వస్తాడు. నీకు డెబ్బై తొమ్మిది. నువ్వు చదివిన పుస్తకాలు అతని మీదికి విసిరినా తగలవు. ఇక్కడ మన మఠం స్థలంలో వదిన పేరున, అవ్వ పేరున రెండు రాళ్లు వేయిస్తాను. నువ్వూ వచ్చి మా దగ్గర ఉండు. అక్షత నీ గది తుడిపించి పెట్టింది.

మోకాలు బాగలేదు, లేకుంటే నేనే వచ్చేవాణ్ని.

నీ తమ్ముడు
ప్రభులింగ్


నారాయణఖేడ్,
9 ఫిబ్రవరి 2025

ప్రభులింగూ,

మనిషి నారాయణఖేడ్ రోడ్డు కింద, రాయి బీదర్‌లో. బాగుంది నీ ఏర్పాటు.

నేను చేసిన పనులు చెబుతాను విను. సమాచార హక్కు కింద ఇంజినీరింగ్ ఆఫీసులో దరఖాస్తు వేశాను. నన్ను చూడగానే గుమాస్తా టీకి లేచేవాడు. నేను అతని కుర్చీ పక్కన పుస్తకం తెరిచి కూర్చునేవాణ్ని. నాలుగో రోజు, నూట నలభయ్యో పేజీ దగ్గర, కాగితం నా ఒళ్లో పడేశాడు.

రోడ్డు కొలతల పుస్తకం నకలు అది. మొరం కంగ్టి దగ్గరి క్వారీ నుంచి, ఇరవై రెండు కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చామని రాసి ఉంది. మట్టి ఎంత దూరం నుంచి వస్తే బిల్లు అంత లావవుతుంది. మన గుట్ట రోడ్డుకు ఆనుకొని ఉంది. లైబ్రేరియన్‌గా ముప్పై ఏళ్లు కట్టుకథలు చదివాను. ఇంత ధైర్యం ఉన్న రచయిత నాకు తగల్లేదు.

షేర్ ఆటోలో కంగ్టి పోయాను. క్వారీ నిండా వాననీళ్లు, నీళ్ల నిండా బర్రెలు. బర్లు కాసే ఆయన నా చెవి దగ్గర అరిచి చెప్పాడు: "మూడేండ్లాయె తవ్వక. గిప్పుడు గిండ్లకెల్లి బర్లు తప్ప ఏం బయటికి రావు."

ఆ మర్నాడే మహిపాల్ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద నా పక్కనే కూర్చున్నాడు.

"పెద్దయ్యా, నీ వయసేంది, గీ తిరుగుడేంది? గుట్ట సర్కారుది, మొరం సర్కారుది, రోడ్డు సర్కారుది. నడుమ నాదేమున్నది చెప్పు?"

"బిల్లు" అన్నాను.

నవ్వాడు. వంగి చెవిలో ఏదో చెప్పాడు. వినబడలేదన్నాను. మళ్లీ చెప్పాడు. మళ్లీ వినబడలేదన్నాను. చివరికి వాడికి గొంతు ఎత్తక తప్పలేదు. "గుట్టకు కమాను కట్టిస్త! దాని మీద మీ ఆమె పేరు రాయిస్త! దరఖాస్తు వాపస్ తీస్కో!" ఎదురుగా కిరాణా దుకాణంలో తూకం వేస్తున్నవాడి చేయి ఆగిపోయింది. చెవిలో చెప్పాల్సిన మాటను బజారుకు వినిపించేలా చేశాను. చెవుడు ఇన్నాళ్లకు ఒక పనికి వచ్చింది.

పోతూ పోతూ వాడొక మాట అన్నాడు. అది మాత్రం మెల్లగా అన్నా అర్థమైంది, పెదాలు చూశాను. "మొరం యాడికెల్లి వచ్చిందో మీ తమ్ముని అల్లుని అడుగు."

మర్నాడు రోడ్డు మీద నిలబడి చూశాను. రెండు టిప్పర్లు. ముందు అద్దం మీద పసుపు అక్షరాలతో 'అక్షత'. నీ కూతురి పేరు. నీ అల్లుడు సంగమేశ్ బండ్లు.

నన్ను ఊరుకోమన్నది ఇందుకా? మోకాలు నొప్పి ఇందుకా? అవ్వను నీ అల్లుడి బండిలో ఎత్తుకెళ్లారని తెలిసే రాళ్లు వేయిస్తానన్నావా?

ఇప్పటికి ఏడు లింగాలు దొరికాయి. పొద్దున్నే నేనూ గ్రేసమ్మా రోడ్డు వెంట నడుస్తాం. నేను చెప్పులు వేసుకోను. ఎవరి మీద నడుస్తున్నానో తెలియదు కదా. చెవులు లేకపోయినా అరికాళ్లకు ఏదో వినబడుతున్నట్టే ఉంటుంది. శరణమ్మది ఇంకా దొరకలేదు. ఆమెది నేను గుర్తుపడతాను. కింది అంచు పగిలితే లక్క పెట్టి అతికించుకుంది. ఎప్పుడు పగిలిందో నాకు చెప్పలేదు. పద్నాలుగేళ్ల కింద ఆమె అరచేతిలో పెట్టేటప్పుడే చూశాను. నువ్వూ చూశావు, నా భుజం పక్కనే ఉన్నావు.

నీకు అన్నగా పుట్టినందుకు సిగ్గుపడుతూ,
అమృతప్ప


బీదర్,
16 ఫిబ్రవరి 2025

అన్నకు శరణార్థి.

నీ ఉత్తరం అక్షతే ముందు చదివింది. తన పేరు చూసి వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సంగమేశ్ దసరా నుంచి రెండు బండ్లను మహిపాల్‌కు కిరాయికి ఇచ్చాడు. డ్రైవర్లు కూడా వాళ్ల మనుషులే. ఇతను బీదర్ దాటలేదు. నీ ఉత్తరం చదివి డ్రైవర్‌ను పిలిపించాడు. వాడు మట్టిలో ఎముకలు కనబడ్డ సంగతి గడపలోనే చెప్పేశాడు. "సేటూ, బొక్కలు వస్తున్నయంటె మహిపాల్ పటేలు 'పశులయి, నింపు' అన్నడు. నేను నింపిన" అన్నాడు.

సంగమేశ్ బండ్లు వెనక్కి తెప్పించాడు. ట్రిప్పు చీటీలు కూడా తెచ్చాడు, ఇందులో పెడుతున్నాను. చూడు, ఒక్కో బండికి రోజుకు పద్దెనిమిది ట్రిప్పులు. కంగ్టి నుంచి అయితే ఆరు కూడా పడవు. ఈ చీటీలు బయటపడితే ఇతనికి ఈ చుట్టుపక్కల మళ్లీ పని దొరకదు. తెలిసే ఇచ్చాడు. కాస్త ఆ పిల్లవాడి మీద నోరు పారేసుకోకు.

ముఖ్యమైన మాట. చీటీల ఒక నకలు సంగమేశ్ జిల్లా ఆఫీసుకు కూడా పంపాడు. తనిఖీ వాళ్లు వస్తారు. ఆ ఏడు లింగాలను దొరికినవి దొరికినట్టే ఉంచు. కడగకు. పూజ చేయకు. ఎక్కడ, ఏ రోజు దొరికిందో రాసి ఒక్కొక్కటి కాగితంలో చుట్టిపెట్టు. రోడ్డు మీద దొరికినవిగా ఉన్నంతవరకే అవి సాక్ష్యం.

1988 గురించి అడిగావు. నీకు మాట ఇచ్చాను, నిజమే. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చాను. అంతే చెప్పగలను.

ప్రభులింగ్


నారాయణఖేడ్,
11 మార్చి 2025

ప్రభులింగూ,

నీ ఉత్తరం నాకు మార్చి ఒకటిన చేరింది. శివరాత్రి ఫిబ్రవరి ఇరవై ఆరున.

నేనేం చేసి ఉంటానో నీకు అర్థమయ్యే ఉంటుంది. లింగం పూజ లేకుండా ఇంట్లో ఉండకూడదని మనకు పాలతోపాటు నేర్పారు. ఏడుగురు ఎవరో తెలియనివాళ్లు నా పుస్తకాల అలమరలో కూర్చుని ఉంటే నేను అన్నం ఎలా తినను? శివరాత్రి నాడు పూజకు జంగమయ్యను పిలిచి, ఏడింటినీ కడిగి, విభూతి పెట్టి, గుట్టలో మిగిలిన కొసన మళ్లీ భూమిలో పెట్టాను. ఎంత నెమ్మది కలిగిందో చెప్పలేను. ఆ నెమ్మదితోనే మహిపాల్‌ను కాపాడాను.

తనిఖీ అధికారి ఏడో తారీఖున వచ్చాడు. మర్యాదస్తుడే. నాకు వినబడదని ప్రశ్నలు కాగితం మీద రాసి చూపించాడు. "రోడ్డు మీద దొరికినవి ఏవి?" గుట్టలో ఉన్నాయన్నాను. పెన్ను ఆపి నా వైపు చూశాడు. గుట్టలో లింగాలు ఉండటం వింత కాదు. రోడ్డులో ఉండటమే వింత. వింతను నేనే సరిచేసి పెట్టాను.

తర్వాత రాశాడు: "అది శ్మశానమని రికార్డు ఉందా?" పహాణీలో గుట్ట పోరంబోకు అని ఉంది. హద్దులు లేవు. సర్వే లేదు. మహిపాల్ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ నిమిషం నాకు వాడు కనబడలేదు. 1988లో ఖాళీగా ఉన్న నీ చోటు కనబడింది.

"రోడ్డు తవ్వి చూడండి" అన్నాను. నా అదృష్టం, ఒప్పుకున్నాడు. మూడు చోట్ల చదరపు గుంటలు తవ్వించాడు. మొదటి రెండింట్లో ఏమీ లేదు. మూడో గుంట పక్కన నేను కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాను. గడ్డపార దెబ్బకు ఒక నల్లరాయి దొర్లి నా పాదం దగ్గర ఆగింది. కింది అంచున ఎర్రగా లక్క.

అధికారి చేతిలో ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. రెండు గుంటల మట్టినీ కవర్లలో వేసి నంబర్లు రాశాడు. మూడో కవరు తెరిచి పట్టుకున్నాడు. ప్రభులింగూ, ఇన్నాళ్లు నేను వెతికింది ఇదే. చూపిస్తే మహిపాల్ అక్కడే అయిపోయేవాడు. నేను కర్ర జారవిడిచాను. వంగాను. లేచేటప్పటికి ఆమె నా ఎడమ పిడికిలిలో ఉంది.

"అన్యపదార్థం ఏదీ కనిపించలేదు" అని పంచనామా రాశారు. కుడిచేత్తో సంతకం పెట్టాను. ఎడమ చేయి తెరవలేదు.

గ్రేసమ్మ చూసింది. మేకల వెనక నిలబడి అంతా చూసింది. తొమ్మిదిన తారు పోశారు. రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది, పెద్దదైన లింగంలా.

లింగం నా దిండు కింద ఉంది. పూజ చేయడానికి చేయి రావడం లేదు. ఆమె గుట్టలో లేదు, రోడ్డులో లేదు, నా ఇంట్లో దొంగసొత్తులా ఉంది. హద్దురాళ్లు ఉంటే ఇదేదీ జరిగేది కాదు. ఎవరికి మాట ఇచ్చి నా మాట తప్పావు? ఈసారి చెప్పకపోతే ఇదే నీకు నా చివరి ఉత్తరం.

అమృతప్ప


బీదర్,
19 మార్చి 2025

అన్నకు శరణార్థి.

చెబుతాను. చదివేముందు కూర్చో.

1979లో నువ్వు లైబ్రరీ ట్రైనింగ్‌కు హైదరాబాద్‌లో ఉన్నావు. వదినకు ఎనిమిదో నెలలో దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. లింగం కట్టని బిడ్డకు రుద్రభూమిలో చోటు లేదని మన పెద్దలు అన్నారు. ఏం చేయమంటావని నేను నీకు టెలిగ్రాం ఇచ్చాను. నువ్వు తిరుగు టెలిగ్రాం ఇచ్చావు: "పెద్దలు చెప్పినట్టు చేయండి." ఆ కాగితం వదిన తీసుకొని చదివి దిండు కింద పెట్టుకుంది.

దవాఖానవాళ్లు పారేస్తారని గ్రేసమ్మ ఆ బిడ్డను కొంగులో చుట్టుకుపోయి గుట్ట పడమటి వాలులో, వాళ్ల చర్చివాళ్ల సమాధుల మధ్య పెట్టింది. అక్కడ ఆమె కొడుకు తిమోతి ఉన్నాడు, మూడేళ్ల వయసులో పోయినవాడు. వాడి పక్కన పెట్టింది. వదిన ప్రతి సోమవారం వెళ్లింది అక్కడికి.

1988లో నీ పటంలో గుట్ట మొత్తం మన హద్దులోకి గీశావు. దరఖాస్తు చివరి వాక్యం నా ముందు ఉంది: "పడమటి వాలులోని అక్రమ సమాధులను చదును చేయించ ప్రార్థన." వదిన నీ బల్ల మీద అది చదివింది. సర్వే ముందురోజు మా ఇంటికి వచ్చింది. ఎప్పుడొచ్చినా లోపలికి వచ్చి కూర్చునే మనిషి, ఆ రోజు గడప బయటే నిలబడింది.

"ప్రభూ, రేపు నువ్వు పోకు. పోతే నా బిడ్డను మల్ల తీసేస్తరు" అంది.

"అన్నకు చెప్పు వదినా, చదును చేసుడు ఆపుతడు" అన్నాను.

"ఆపుతడు. ఆపి, నా మీద దయ చూపిచ్చినట్టు చేస్తడు. ఆ దయ నాకొద్దు. ఆయనకు చెప్పనని నా మీద ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను. నీ దగ్గర దొంగనయ్యాను. వదిన కాలం చేసిన రోజు చెబుదామనుకున్నాను. నువ్వు ఆమె అరచేతిలో లింగం పెట్టి, లక్క చూసి, "గిది కూడా చెప్పలేదు" అన్నావు. అది విన్నాక నా నోరు లేవలేదు.

హద్దురాళ్లు ఉంటే తూర్పు వాలు దక్కేదేమో అన్నా. పడమటి వాలు పోయేది. నేను ఎటు తూకం వేసినా ఎవరో ఒకరు మట్టిలోంచి లేవాల్సిందే.

ప్రభులింగ్


నారాయణఖేడ్,
2 ఏప్రిల్ 2025

తమ్ముడికి,

పడమటి వాలుకు వెళ్లాను. గ్రేసమ్మ ముందు నడిచింది. మహిపాల్ జేసీబీ ఆ పక్కకు రాకపోవడానికి కారణం కూడా ఇప్పుడే తెలిసింది. వాడవాళ్లంతా వచ్చి యంత్రం ముందు కూర్చున్నారట. ఏ కాగితమూ లేనివాళ్లు తమవాళ్లను కాపాడుకున్నారు.

రెండు చిన్న మట్టిదిబ్బలు. చుట్టూ మోకాలెత్తు ఉత్తరేణి. తూర్పు వాలు ఉత్త మొరం, అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ గింజలు నా చేతులతో ఏరాను. అవి ఎక్కడివో ఆలోచించలేదు.

"తిమోతికి తోడుంటదని పక్కన్నే వెట్టిన సారూ" అంది గ్రేసమ్మ, నా చెవి దగ్గరికి వచ్చి.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడన్న అడిగిండ్లా?"

కర్ర పక్కన పెట్టాను. అక్కడే కూర్చున్నాను, పద్మాసనం వేయలేక కాళ్లు చాపుకొని.

ఇక పని సంగతి. ఏప్రిల్ పదిన జిల్లా ఆఫీసుకు వెళుతున్నాను. లింగాన్ని అప్పగిస్తాను. మూడో గుంటలో దొరికితే నేనే దాచానని, పంచనామా మీద నా సంతకం అబద్ధమని రాసిస్తాను. నా మీద కేసు పెడితే పెట్టనీ. గ్రేసమ్మ చూసినట్టు చెబుతానంది. సంగమేశ్ చీటీలు ఉన్నాయి. ఆ పిల్లవాడికి చెప్పు, పెద్దమామ తప్పుగా రాశాడని. కానీ ఆ లింగం గుట్టలో కూర్చోబెట్టిన మనిషిదని చెప్పాలంటే, 2011లో ఆమె అరచేతిలో ఆ లక్కను చూసినవాళ్లు కావాలి. వాళ్లలో నేను కాక బతికి ఉన్నది నువ్వొక్కడివే. పొద్దున పదింటికి. ఈసారి రా. మోకాలుకు బామ్ రాసుకొని అయినా రా. ఆ పటం, దరఖాస్తు కూడా తీసుకురా. నా రాత నేనే వాళ్లకు చూపిస్తాను.

ఆమెకు నంబరు వేసి కవర్లో పెడతారు. పెట్టనీ. ఇన్నేళ్లు నోరు విప్పనిది, ఇప్పుడైనా ఒకసారి సాక్ష్యం చెప్పనీ. కేసు ముగిశాక తిరిగి ఇస్తే పడమటి వాలులో రెండు మూరల చోటు అడిగాను. వాళ్ల పాస్టరును అడిగి చెబుతానంది గ్రేసమ్మ. నేను ఆ చోటును చదును చేయమని రాసినవాణ్నని ఆమెకు చెప్పాను. "తెలుసు సారూ" అంది.

అన్న,
అమృతప్ప

తా.క. ఫిర్యాదులో బాధ్యుల పేర్లు రాసే చోట మహిపాల్ పేరు, ఇంజినీరు పేరు రాశాను. నా మనసులో ఇంకో కాగితం ఉంది. దాని మీద ముప్పై ఏడేళ్లు నీ పేరే ఉండింది, కొట్టేశాను. అక్కడ నా పేరు రాయాలని నువ్వు అనుకుంటావు. టెలిగ్రాం నేనే ఇచ్చాను, ఆ వాక్యం నేనే రాశాను, కాదనను. కానీ ఏదో ఒక సోమవారం, నేను కుచ్చిళ్ల దగ్గర తల వంచి గింజలు ఏరుతుంటే, ఒక్క మాట అని ఉండవచ్చు కదా. అప్పటికి నాకు చెవులున్నాయి. మరిదికి చెప్పింది, గ్రేసమ్మకు తెలుసు, నాకు మాత్రం అన్నం వడ్డించి ఊరుకుంది. నేను వినే మనిషిని కానని తనంతట తానే తేల్చేసింది. ఆ తీర్పు నేను ఒప్పుకోను. కొట్టేసిన చోట ఇప్పుడు ఒకటే పేరు ఉంది. శరణమ్మ.